ట్రైకో కార్డులు: ఏ పురుగు గుడ్డుకు పనికొస్తాయి, దేనికి రావు

సాగర్ ఎడమ కాలువ కింద వరి పెట్టినా, మునుగోడు దిక్కు పత్తి పెట్టినా, ట్రైకో కార్డు (పంట పురుగు గుడ్లను లోపలే చంపే బదనికలను మోసే అట్టముక్క) కొనేముందు ఒకటి చూసుకోవాలి: మీ పంటలో పురుగు తన గుడ్ల మీద ఏం కప్పి పోతోంది? షాపుల్లో ఈ మాట చెప్పేవాళ్లు తక్కువ.

కార్డు మీద అతికించేవి బియ్యం పురుగు గుడ్లు, ఒక సీసీకి (ఘన సెంటీమీటరుకు) సుమారు 18 నుంచి 20 వేలు. వాటి లోపల పెరిగే ట్రైకోగ్రామా బదనిక, అంటే పురుగు గుడ్డులో పెరిగే చిన్న కందిరీగ జాతి, కంటికి నలుసంత. బయటికొచ్చాక పంటలోని పురుగు గుడ్డు పెంకుకు బెజ్జం పెట్టి, తన గుడ్డు అందులో పెడుతుంది. శనగపచ్చ పురుగు, ఆకుముడత పురుగు గుడ్లకు పైన ఏ కప్పూ ఉండదు కాబట్టి బదనికకు అడ్డం లేదు. వీటికి ట్రైకోగ్రామాలో కిలోనిస్ రకం కార్డు పైసా వసూల్.

వరి కాండం తొలిచే మొగి పురుగు దగ్గర లెక్క మారుతుంది. తల్లి రెక్కల పురుగు ఆకు కొన దగ్గర గుడ్లు కుప్పగా పెట్టి, తన తోక చివరి గోధుమరంగు నూగుతో కప్పేస్తుంది. గోటితో ఆ నూగు గీకితే కింద చదునైన గుడ్లు ఒకదాని మీద ఒకటి కనిపిస్తాయి. ట్రైకోగ్రామాలో జపానికం రకం పైవరుస గుడ్లను పట్టుకుంటుంది, అడుగువి తప్పించుకుంటాయి. అందుకే ఒక్కసారి కట్టి ఊరుకుంటే తెల్లకంకి (గింజ లేని తాలు కంకి) తప్పదు. రెక్కల పురుగులు లింగాకర్షక బుట్టల్లో (ఆడ పురుగు వాసనతో మగవాటిని పట్టేవి) పడటం మొదలవగానే ఎకరానికి 2 కార్డులు, వారానికోసారి, కనీసం 3 సార్లు. నాటేముందు నారు కొనలు తుంచేస్తే ఆ కొనల మీది గుడ్లు అక్కడే పోతాయి, దానికి ఖర్చే లేదు.

లద్దె పురుగు, మక్కలో కత్తెర పురుగు అయితే ఈ కార్డు ఒక్కదాన్నే నమ్ముకోవద్దు. పొలుసులు, నూగు దట్టంగా కప్పిన వరుసల కుప్పల్లోకి ట్రైకోగ్రామా సరిగా దూరలేదు. దూరగలిగేది టెలినోమస్ రెమస్ అనే వేరే బదనిక. అది దొరక్కపోతే కుప్పలున్న ఆకులు ఏరి నలిపేయడమే. పాలమూరులో ఆముదం ఎర మొక్కలు వేస్తే లద్దె పురుగు కుప్పలు ఏరడం సులువు.

కొనేటప్పుడు గుడ్లు నల్లగా ఉండాలి. తెల్లగా ఉంటే బదనిక పట్టలేదన్నమాట, నల్ల గుడ్డుకు గుండ్రటి బెజ్జం ఉంటే బదనిక ఎగిరిపోయినట్టే. బండి డిక్కీలో ఎండకు తేవద్దు. ఫ్రిజ్‌లో 10 డిగ్రీల దగ్గర కొన్నాళ్లు ఆగుతాయి, డీప్ ఫ్రీజర్‌లో మాత్రం చచ్చిపోతాయి.

రెండు కార్డులను 40 ముక్కలు చేసి, 10 మీటర్లకొకటి, పొద్దుగూకే వేళ ఆకు అడుగున పిన్ను కొట్టాలి. ఒడ్డు పక్కన చీమలు గుడ్లు ఎత్తుకుపోతాయి, మడి లోపలికి జరపండి. ముందు వారం, తర్వాత వారం మందు కొట్టారా, బదనికలన్నీ పోయినట్టే.

పనిచేసిందా లేదా చూడాలంటే మొగి పురుగు కుప్ప ఉన్న ఆకు ముక్క తుంచి గాజు సీసాలో పెట్టి, మూతికి పల్చటి గుడ్డ కట్టండి. గుడ్డు నల్లబడిందని మోసపోవద్దు, పిల్ల పురుగు బయటికొచ్చే ముందు కూడా అది నల్లబడుతుంది. సీసాలో పాకేది పురుగా, ఎగిరేది బదనికా అన్నదే లెక్క.