రైజెన్ 5 5600ఎక్స్ మీద డీడీఆర్4 మెమరీ ట్యూనింగ్: ఎండాకాలాలు తట్టుకున్న సెట్టింగులు

ముందు పార్టులు. రైజెన్ 5 5600ఎక్స్, ఒక బీ550 బోర్డు, క్రూషియల్ బాలిస్టిక్స్ 3200 సీఎల్16 మెమరీ కిట్ (8 జీబీ స్టిక్కులు రెండు, లోపల మైక్రాన్ ఈ-డై రకం చిప్పులు), మామూలు టవర్ ఎయిర్ కూలర్. బాలిస్టిక్స్ తయారీని మైక్రాన్ 2022లో ఆపేసింది. అయినా పాత మెషిన్లలో, సెకండ్ హ్యాండ్‌లో ఈ స్టిక్కులు ఇంకా దొరుకుతూనే ఉన్నాయి కాబట్టి ఈ అంకెలు పనికొస్తాయి.

ఇంతకాలం వాడాక నా తీర్పు: ఈ ప్రాసెసర్‌లో కోర్ స్పీడ్ వెంట పడటం దండగ, లాభమంతా మెమరీ టైమింగుల్లోనే ఉంది. అన్ని కోర్లనీ 1.25–1.3 వోల్టుల దగ్గర 4.6 గిగాహెర్ట్జ్‌కి కట్టేస్తే రెండరింగ్‌లో కాస్త కలిసొస్తుంది గానీ, ఒకటి రెండు కోర్లే పనిచేసేటప్పుడు కంపెనీ సెట్టింగుల్లోనే దొరికే 4.65 పోతుంది. మెమరీ సంగతి వేరు. ఎక్స్‌ఎంపీలో (కిట్‌లో ముందే రాసి వచ్చే సెట్టింగు) ఐడా64 టెస్ట్ చూపే లేటెన్సీ, అంటే మెమరీ జవాబివ్వడానికి పట్టే సమయం, 70 నానోసెకన్ల చుట్టూ ఉండేది, ఇప్పుడు 58 చుట్టూ ఉంటోంది. ప్రాసెసర్ మీద భారం పడే గేముల్లో, ముఖ్యంగా కనిష్ఠ ఫ్రేముల్లో, ఆ తేడా కంటికే తెలుస్తుంది.

చివరికి నిలబడ్డవి ఇవి. మెమరీ 3733 (డీడీఆర్ కనుక అసలు క్లాక్ అందులో సగం), ఎఫ్‌క్లాక్ (ప్రాసెసర్ లోపలి భాగాల్ని కలిపే దారి క్లాక్) 1866, రెండూ ఒకటికి ఒకటి. టైమింగులు (మెమరీ ఎన్ని సైకిళ్ళు ఆగాలో చెప్పే అంకెలు): టీసీఎల్ 16, టీఆర్‌సీడీ రీడ్ 19, రైట్ 16, టీఆర్‌పీ 16, టీఆర్‌ఏఎస్ 36, టీఆర్‌సీ 56, టీఆర్‌ఆర్‌డీ 4/6, టీఫా 16, టీఆర్‌ఎఫ్‌సీ (మెమరీ రిఫ్రెష్‌కి ఇచ్చే సమయం) 560, గేర్ డౌన్ మోడ్ ఆన్, పవర్ డౌన్ ఆఫ్. డీర్యామ్ వోల్టేజ్ 1.40. ప్రాసెసర్‌లో కోర్లు కాక మిగతా భాగాల వోల్టేజులు: ఎస్‌ఓసీ 1.10, వీడీడీజీ ఐఓడీ 1.05, సీసీడీ 0.95, వీడీడీపీ 0.90.

ఈ-డై స్వభావం తెలియకపోతే చాలా సమయం వృథా అవుతుంది. వోల్టేజ్ పెంచితే టీసీఎల్ దిగుతుంది, కానీ టీఆర్‌సీడీ రీడ్, టీఆర్‌ఎఫ్‌సీ దానికి లొంగవు. రీడ్‌ని 18కి దించి 1.45 ఇచ్చినా టెస్ట్ మొదలైన వెంటనే ఎర్రర్లే. 1.40 మీద 16-19 నడుస్తుంటే అక్కడ ఆగిపోవడం మంచిది. గేర్ డౌన్ ఆన్‌లో ఉన్నప్పుడు టీసీఎల్ 15 అని పెట్టినా బోర్డు 16గానే తీసుకుంటుంది. ఏది నిజంగా అమలైందో జెన్‌టైమింగ్స్ అనే ప్రోగ్రామ్‌లో చూడాలి తప్ప బయోస్‌లో టైపు చేసిన అంకెని నమ్మకూడదు.

టీఆర్‌ఎఫ్‌సీని సైకిళ్ళలో కాక నానోసెకన్లలో లెక్కేయాలి. ఎక్స్‌ఎంపీలో 3200 దగ్గర 560 అంటే 350 నానోసెకన్లు. అదే 560 ఇప్పుడు 3733 దగ్గర 300. అంకె మారలేదు కదా అని తేలిగ్గా తీసుకుంటే పొరపాటు, చిప్పుకి ఇచ్చే సమయం 50 నానోసెకన్లు తగ్గింది. ఈ-డై 290–300 దగ్గర ఊపిరి పీల్చుకోగలదు, అంతకన్నా దిగితే వేడెక్కగానే ఎర్రర్లు. శాంసంగ్ బీ-డై అయితే 160 దాకా దిగుతుంది గానీ, స్టిక్ 45–50 డిగ్రీలు దాటితే అలుగుతుంది. మే నెలలో మన గదుల్లో ఏసీ లేకుండా 40 దగ్గర వేడి ఉన్నప్పుడు ఆ ముచ్చట ఎన్నాళ్ళు నిలుస్తుందో చెప్పనక్కర్లేదు. ఆ విషయంలో ఈ-డైకే నా ఓటు.

ఎఫ్‌క్లాక్ 1900 దగ్గర విండోస్ హాయిగా వస్తుంది, బెంచ్‌మార్కులూ పూర్తవుతాయి. ఈవెంట్ వ్యూయర్ తెరిస్తే మాత్రం డబ్ల్యూహెచ్‌ఈఏ 19 (విండోస్ నమోదు చేసే హార్డ్‌వేర్ ఎర్రర్) వరుసలు కనబడతాయి. దిద్దుకున్న ఎర్రర్లే కదా అని వదిలేస్తే పనితీరు తగ్గుతుంది, శబ్దం తెగుతుంది. ఎస్‌ఓసీని 1.15కి తీసుకెళ్ళినా ఆగకపోతే ఆ చిప్ అంతే, 1866కి దిగిపోవాలి. వీడీడీజీ పుట్టేది ఎస్‌ఓసీ నుంచే కనుక, ఎస్‌ఓసీ దానికన్నా కనీసం 40–50 మిల్లీవోల్టులు పైన ఉండాలి. లేకపోతే వీడీడీజీకి పెట్టిన అంకె కాగితం మీదే ఉంటుంది. ఆటోలో వదిలితే కొన్ని బోర్డులు ఎస్‌ఓసీని అవసరానికి మించి ఎక్కిస్తాయి. ఆ వాట్లు ప్రాసెసర్ మొత్తానికి ఉన్న 76 వాట్ల పవర్ పరిమితి (పీపీటీ) లోంచే పోతాయి కాబట్టి కోర్ల వాటా తగ్గుతుంది. ఎక్కువ వోల్టేజ్ ఇస్తే స్థిరంగా ఉంటుందనే నమ్మకం ఇక్కడ పనిచేయదు.

కోర్ల వైపు పీబీఓ (ఏఎండీ ఆటోమేటిక్ బూస్ట్ సెట్టింగు) ఆన్, పరిమితులు స్టాక్, కర్వ్ ఆప్టిమైజర్ (ఒక్కో కోర్ వోల్టేజ్‌ని మెట్లుగా మార్చే సెట్టింగు) నెగటివ్. ఒక్కో మెట్టు సుమారు 3–5 మిల్లీవోల్టులు. అన్నిటికీ ఒకేసారి మైనస్ 30 పెట్టి సినీబెంచ్ స్కోరు చూసి మురిసిపోయేవాళ్ళే ఎక్కువ. ఆ మెషిన్ కూలేది సినీబెంచ్‌లో కాదు, ఏ పనీ లేకుండా ఖాళీగా ఉన్నప్పుడు. తక్కువ లోడులో ఒక్క కోర్ గరిష్ఠ వేగానికి ఎగిరినప్పుడు దానికి వోల్టేజ్ చాలదు, స్క్రీన్ నల్లబడి రీస్టార్ట్ అవుతుంది. అప్పుడు డబ్ల్యూహెచ్‌ఈఏ 18లో ఏపీఐసీ ఐడీ (ఎర్రర్ వచ్చిన థ్రెడ్ నంబరు) చూసి రెండుతో భాగిస్తే ఏ కోరో తెలుస్తుంది (మిగిలిన భాగం వదిలేయండి). దాన్ని మూడు నాలుగు మెట్లు వెనక్కి తెస్తే చాలు. మంచి కోర్లని ముద్రపడ్డ రెండిటికీ నా దగ్గర మైనస్ 8 మించి కుదరలేదు, మిగతావి మైనస్ 20 మీద నడుస్తున్నాయి. దీనికి సరైన పరీక్ష కోర్‌సైక్లర్ (కోర్లని ఒక్కొక్కటిగా పరీక్షించే టూల్), ప్రైమ్95 ఎస్‌ఎస్‌ఈ మోడ్, హ్యూజ్ సైజులు. ఒక్కో కోర్‌కి డీఫాల్ట్ ఆరు నిమిషాలు సరిపోవు, రాత్రంతా వదలాలి.

వరుస మార్చకండి. మెమరీ తేలేదాకా కర్వ్ జోలికి వెళ్ళొద్దు, లేకపోతే ఎర్రర్ ఎవరిదో తేలదు. కొత్త టైమింగ్ పెట్టగానే విండోస్‌లోకి పోకుండా పెన్‌డ్రైవ్ మీంచి మెమ్‌టెస్ట్86 ఒక రౌండ్ తిప్పండి. చెడ్డ మెమరీతో బూటైన విండోస్ ఫైళ్ళని చప్పుడు లేకుండా పాడుచేస్తుంది. ఆ తర్వాత విండోస్‌లో నడిచే మెమరీ టెస్ట్ టీఎం5, అంటా777 ఎక్స్‌ట్రీమ్ కాన్ఫిగ్‌తో. అది పాసయ్యాక, గ్రాఫిక్స్ కార్డుని లోడులో పెట్టి మళ్ళీ అదే టెస్ట్. కార్డు వదిలే వేడిగాలి నేరుగా స్టిక్కులకే తగులుతుంది కనుక, చల్లటి కేబినెట్‌లో పాసైన సెట్టింగు గేమ్‌లో గంటకి తన్నేస్తుంది. డిసెంబరులో తేల్చిన అంకెలు ఏప్రిల్ చివర ఇంకోసారి పరీక్షించాల్సిందే.

ఇంకో చిక్కు ఉంది. టెస్టులన్నీ పాసైనా, కరెంటు పూర్తిగా పోయి వచ్చాక మొదటి బూట్‌లో మెమరీ ట్రైనింగ్ (బోర్డు స్టిక్కులతో సిగ్నళ్ళు సర్దుకోవడం) ఫెయిలై బయోస్ డీఫాల్ట్‌కి వెళ్ళిపోవచ్చు. అప్పుడు టైమింగులు వదులు చేయడం తప్పు దారి. ప్రాసెసర్ వైపు రెసిస్టెన్స్ అయిన ప్రాక్‌ఓడీటీని ఆటోలోంచి తీసి 36.9–43.6 ఓంల మధ్య కట్టేసి, స్టిక్కుల వైపు రెసిస్టెన్సులైన ఆర్‌టీటీల్లో నామ్ ఆఫ్, రైట్ ఆర్‌జెడ్‌క్యూ/3, పార్క్ ఆర్‌జెడ్‌క్యూ/1 ఇచ్చి చూడండి. స్విచ్ ఆపి, కాసేపాగి, ఇలా పదే పదే చల్లటి బూట్ చేసి చూశాకే ప్రొఫైల్ సేవ్ చేసుకోవాలి. బయోస్ అప్‌డేట్ చేస్తే ఆ ప్రొఫైల్ చెల్లకపోవచ్చు, అన్ని పేజీలూ ఫోన్‌లో ఫొటో తీసి పెట్టుకోండి.

ఈ అంకెలు రెండు సింగిల్ ర్యాంక్ (ఒకేసారి పనిచేసే చిప్పుల గుంపు ఒక్కటే ఉన్న) స్టిక్కులకే. 16 జీబీ చాలక ఇంకో జత వేసి నాలుగు చేస్తే ర్యాంకులు పెరిగి గేముల్లో కొంత లాభం ఉంటుంది గానీ, పైన చెప్పిన రెసిస్టెన్సులూ ఎఫ్‌క్లాక్ పరిమితీ మళ్ళీ మొదటి నుంచి వెతుక్కోవాలి. అంత ఓపిక లేకపోతే 3600 దగ్గర, టీఆర్‌ఎఫ్‌సీ 560తో మొదలుపెట్టండి.