చలికి బురద దిగకపోతే ఏది మేలు: ప్యాకా, క్లోరినా, బురద తీయడమా?

ధనుర్మాసం రాగానే తిరుపతి చుట్టుపక్కల ఎస్టీపీల్లో (మురుగునీటి శుద్ధి కేంద్రాల్లో) ఆపరేటర్లది ఒకటే మాట: "సార్, బురద దిగట్లేదు, క్లారిఫైయర్ మీంచి పొర్లిపోతోంది." క్లారిఫైయర్ అంటే బురదను అడుగుకు దింపి, తేట నీళ్లను పైనుంచి వదిలే తొట్టి. నింద చలి మీద పడుతుంది. చలి చేసే చేటు లేకపోలేదు. 30 డిగ్రీల నీళ్లకన్నా 20 డిగ్రీల నీళ్లకు జిగట పాతిక శాతం దాకా ఎక్కువ, బురద ఆ మేరకు నిదానంగా దిగుతుంది. కానీ ఆ మాత్రానికే క్లారిఫైయర్ పొర్లిందంటే, అది ముందే అంచుదాకా నిండి ఉందన్నమాట.

ఎలా నిండింది? మనకు గట్టి వానలు అక్టోబరు నుంచి డిసెంబరు దాకా. బురద ఆరబోసే డ్రయింగ్ బెడ్లు ఆరవు. ఆరకపోతే తీసిన బురద ఎక్కడ పోయాలి? మిగులు బురదను బయటికి వదిలే వేస్టింగ్ వాల్వును ఆపరేటర్ కట్టేస్తాడు, బురదంతా గాలి ఊదే ఏరేషన్ ట్యాంకులోనే పేరుకుంటుంది. సరిగ్గా అప్పుడే చలి, దాని వెంటే వైకుంఠ ఏకాదశి రద్దీ. సత్రాలూ లాడ్జీలూ నిండితే వచ్చే నీళ్లూ పెరుగుతాయి.

అందుకే ప్యాక్ (పాలీ అల్యూమినియం క్లోరైడ్, బురద రేణువుల్ని ముద్దకట్టించేది) లాంటి ఏ మందైనా కొనేముందు వెయ్యి మిల్లీలీటర్ల సిలిండర్ తీసి అరగంట పరీక్ష చేయండి. బురద 600 దగ్గర ఆగిందనుకుందాం. ఎంఎల్‌ఎస్‌ఎస్ (లీటరు ట్యాంకు నీళ్లలో ఉన్న బురద, మిల్లీగ్రాముల్లో) 5000 ఉంటే ఎస్‌వీఐ (ఒక గ్రాము బురద దిగాక ఆక్రమించే మిల్లీలీటర్లు) 120, అంటే బురద మంచిదే, మోతాదు మించింది, అంతే. అదే 600కి ఎంఎల్‌ఎస్‌ఎస్ 2500 అయితే ఎస్‌వీఐ 240, అది జబ్బు చేసిన బురద. ల్యాబు లేని చోట ఇంకో దారి ఉంది. పక్కన రెండో సిలిండర్ పెట్టి సగం బురద, సగం క్లారిఫైయర్ తేట నీళ్లు పోయండి. ఉదాహరణకు మొదటిదాంట్లో 900 దగ్గర ఆగిన బురద ఇందులో 300కి దిగితే కిక్కిరిసిపోవడమే కారణం. పలచన చేసినా పైపైనే వేలాడుతుంటే నారబ్యాక్టీరియా (దారాల్లా సాగి బురదను దిగనివ్వనిది) ఉందని అనుమానించాలి.

కిక్కిరిసిన బురదకు మేలైనది బురద తీయడమే, ఇందులో నాకు సందేహం లేదు. అయితే వారం బకాయి ఒక్కరోజులో తీర్చకండి. రోజువారీ వేస్టింగ్‌ను పది, పదిహేను శాతం చొప్పున పెంచుకుంటూ పోవాలి. బెడ్లు తడిగా ఉంటే ఫిల్టర్ ప్రెస్సో, ట్యాంకరో మాట్లాడుకోవాలి. ఖర్చే, కానీ నెలనెలా ప్యాక్ బస్తాలు మోయించుకోవడం కన్నా నయం. క్లారిఫైయర్ అడుగు బురదను ఏరేషన్ ట్యాంకుకు తిప్పి పంపే రిటర్న్ పంపు పెంచేసి చూద్దామనేవాళ్లూ ఉంటారు. క్లారిఫైయర్‌లో బురద మట్టం ఓ పూట తగ్గినట్టు కనిపిస్తుంది, కానీ ఆ బురద ట్యాంకు తిరిగి మళ్లీ అక్కడికే వస్తుంది.

ప్యాక్ అత్యవసరానికి మంచిది. ఏకాదశి నాలుగు రోజులు గట్టెక్కాలంటే వేయండి, మోతాదు జార్ టెస్టులో (వేర్వేరు మోతాదులు గాజుపాత్రల్లో కలిపి చూసే పరీక్షలో) తేల్చుకుని. పటిక చవకే, కానీ చల్లటి నీళ్లలో నిదానంగా పనిచేస్తుంది, పైగా నీటి క్షారత్వాన్ని తినేస్తుంది. అమ్మోనియాను విరగ్గొట్టే బ్యాక్టీరియాకూ అదే క్షారత్వం కావాలి. ఒక మిల్లీగ్రాము అమ్మోనియా నైట్రోజన్‌కు ఏడు మిల్లీగ్రాములకు పైగా ఖర్చవుతుంది. ఈ రెండూ పోటీపడితే పీహెచ్ పడిపోతుంది. ఈ విషయంలో ప్యాక్ మెరుగు.

చలిదేశాల ప్లాంట్లలో మైక్రోథ్రిక్స్ అనే నారజాతి మీద కూడా ప్యాక్ బాగా పనిచేస్తుంది. కానీ అది 15 డిగ్రీల లోపు నీళ్లలో చెలరేగేది. తిరుపతి ట్యాంకులో నార కనిపిస్తే ముందు గాలి ఊదే బ్లోయర్ చూడండి, గాలి చాలకపోయినా నార పెరుగుతుంది. సెప్టిక్ ట్యాంకర్లు తెచ్చి పోసే కుళ్లు నీళ్లకైనా అంతే.

క్లోరిన్ సంగతి ఆఖర్న. మైక్రోస్కోపులో నార కంటపడ్డాకే, అదీ రిటర్న్ లైనులో. ఎండు లెక్కన వెయ్యి కిలోల బురదకు రోజుకు రెండు మూడు కిలోలతో మొదలుపెట్టి, రోజూ ఎస్‌వీఐ చూసుకుంటూ. చెయ్యి జారితే మంచి బ్యాక్టీరియా కూడా పోయి నీళ్లు పాలలా మారతాయి.

తిరుమల కొండ మీద లెక్క వేరు. అక్కడి చలికి అమ్మోనియా బ్యాక్టీరియా మందగిస్తుంది, బురద వయసు (ట్యాంకుల్లో బురద ఉండే రోజులు) కాస్త ఎక్కువ ఉంచక తప్పదు. చలికాలంలో ఎంఎల్‌ఎస్‌ఎస్ పెంచమని చలిదేశాల్లో చెప్పే సలహా కొంతవరకు అక్కడికి సరిపోతుంది. కాబట్టి కొండమీద వేస్టింగ్ జోరు తగ్గించి, రద్దీ రోజుల్లో ప్యాక్‌ను ఆసరా చేసుకోవడమే మేలు. కింద తిరుపతిలో ఆ సలహా పాటిస్తే మాత్రం క్లారిఫైయర్ మళ్లీ పొర్లుతుంది.