వెనక నుంచి తెరుచుకునే వాటర్ స్కీ బూట్లు కొంటున్నారా? ముందు మడమ దగ్గర చూడండి

మిన్నెసోటాలో సరస్సుల మీద మంచు పోయింది, పడవలు బయటికొస్తున్నాయి, మనవాళ్ళు మళ్ళీ స్కీ సామాను కోసం ఆన్‌లైన్‌లో వెతకడం మొదలెట్టారు. అందుకే ఇది ఇప్పుడే రాస్తున్నాను. "క్షణాల్లో తొడుక్కోండి, సబ్బు అక్కర్లేదు, పెనుగులాట అక్కర్లేదు" అంటూ ఒక రకం స్లాలమ్ బూటు, అంటే పడవ వెనక ఒకే స్కీ (చెక్క) మీద రెండు కాళ్ళూ పెట్టి వెళ్ళేవాళ్ళు వేసుకునే బూటు, అమ్ముతున్నారు. మడమ వెనక భాగం మొత్తం కిందికి వాలిపోతుంది. కాలు నేరుగా లోపలికి పెట్టి, ఆ ముక్కని పైకి లేపి, ఒక పట్టీ లాగి ప్లాస్టిక్ బకిల్ నొక్కితే అయిపోయింది. వీడియో చూస్తే ఎవరికైనా ముచ్చటేస్తుంది. దయచేసి కొనకండి.

అమ్మినవాళ్ళ పేరు రాయట్లేదు. పేరు చెప్పినా పెద్ద లాభం లేదు, అదే నమూనా వేరే పేర్లతో కూడా కనిపిస్తోంది. పోల్చుకోవడానికి గుర్తు ఒక్కటే: మడమ వెనక ముక్క అడుగు ప్లేటుకి సన్నటి గుడ్డ మడతతో కుట్టి ఉంటుంది, దాన్ని పట్టి ఉంచే పట్టీ వచ్చి పాదం పైభాగాన పడుతుంది. అంటే మడమనీ పాదాన్నీ పట్టుకునేది ఒకే బకిల్. ఇది గుర్తుపెట్టుకోండి, గొడవంతా ఇక్కడే ఉంది.

స్కీ బూటు తొడుక్కోవడం ఎంత చిరాకో చేసినవాళ్ళకి చెప్పక్కర్లేదు. లైఫ్ జాకెట్ గడ్డం దాకా లేస్తుంటుంది, స్కీ పక్కకి దొర్లిపోతుంటుంది, చల్లటి నీళ్ళకి రబ్బరు బిర్రబిగుసుకుని ఉంటుంది, పడవలో వాళ్ళు "అయిందా, అయిందా" అని అడుగుతూనే ఉంటారు. కానీ ఆ బిగుతు ఎవరో తెలివితక్కువగా పెట్టింది కాదు. చేతికి సబ్బు రాసి మరీ ఎక్కించుకునే గాజులు ఉంటాయి చూడండి, అవే చేతికి నిలిచేవి. సబ్బు లేకుండా ఎక్కినవి చెయ్యి దించగానే జారిపోతాయి. బూటు లోపల మడమ కొంచెం లేచినా, మీరు వంగిన విషయం స్కీకి ఆలస్యంగా తెలుస్తుంది. గంటకి 30 మైళ్ళ వేగంలో ఆ ఆలస్యమే మనిషిని పడేస్తుంది.

మనకి దగ్గర్లోనే, లేక్ సిటీలో, 1922లో రాల్ఫ్ శామ్యుల్సన్ అనే పద్దెనిమిదేళ్ళ కుర్రాడు పెపిన్ సరస్సు మీద అందరికన్నా ముందు వాటర్ స్కీ చేశాడు. అతని చెక్కలకి ఉన్నది ఉత్త తోలు పట్టీ. కాలు దూర్చితే అయిపోయె. అప్పటి పడవ లాగే వేగానికి అది సరిపోయింది, పడితే కాలు దానంతటదే బయటికొచ్చేది. ఇప్పుడు పోటీల్లో మగవాళ్ళకి పడవ వేగం 36 మైళ్ళ దాకా, ఆడవాళ్ళకి 34 మైళ్ళ పైదాకా పోతుంది. సరదాకి చేసే మనం 28, 30 మధ్య ఉంటాం. ఆ వేగంలో మలుపు తిరిగేటప్పుడు బూటు మీద పడే బరువు, పట్టీ రోజుల్లో ఎవరూ ఊహించనిది.

ఇక మా సంగతి. ఆ బూటు మా బావమరిది కొన్నాడు. వాడికి నడుము నొప్పి, నీళ్ళలో వంగి బూటు లాక్కోలేడు, అందుకని ఇది చూడగానే ప్రాణం లేచొచ్చింది. ఇంట్లో కార్పెట్ మీద తొడిగితే నిజంగానే అద్భుతం. పడవ వెనక మెట్టు మీద కూర్చుని తొడిగినా బాగానే ఉంది. నీళ్ళలోకి దిగి లేచాక, మొదటి మలుపులు అయ్యేసరికి "బావా, మడమ లేస్తోంది" అని అరిచాడు. ఆపి పట్టీ ఇంకా లాగాం. లాగితే పాదం పైన రక్తం ఆగేంత బిగుసుకుంది గానీ మడమ దగ్గర ఏమీ మారలేదు. ఒకే పట్టీ రెండు పనులు చేస్తుంటే అంతే మరి. పైగా తడిసిన నైలాన్ పట్టీ బకిల్ పళ్ళలోంచి కొద్దికొద్దిగా జారుతోంది. వేలితో పట్టుకుని చూస్తే తెలుస్తోంది, ప్రతి కుదుపుకీ ఒక పన్ను వదులుతోంది.

తర్వాత అలల్లో ముందుకి తూలి పడ్డాడు. నేను పడవ నడుపుతున్నాను, మా ఆవిడ వెనక్కి చూస్తూ కూర్చుంది. "ఏవండీ, పడ్డాడు, ఆపండి" అంది. పడిన మనిషి చెయ్యి పైకెత్తి బాగానే ఉన్నానని సైగ చెయ్యాలి కదా, చెయ్యలేదు. దగ్గరికి వెళ్ళి చూస్తే మడమ పూర్తిగా బయటికొచ్చేసింది, కానీ వేళ్ళ వైపు పాదం ఆ పట్టీ కింద ఇరుక్కుపోయి ఉంది. స్కీ అడ్డం తిరిగి కాలిని మెలిపెట్టేస్తోంది. మామూలు రబ్బరు బూటులో ముందుకి పడితే మడమ లేచి, దాని వెంటే పాదమంతా జారి బయటికొస్తుంది. లేదంటే అసలు రాదు. సగం రావడం, సగం ఉండిపోవడం అన్నిటికన్నా చెడ్డది. అయిదారడుగుల స్కీ పొడవంతా కాలి కీలు మీద మీటలా పనిచేస్తుంది. గిలక వాచిపోయింది. ఎముక విరగలేదు, లిగమెంట్ సాగిందన్నాడు డాక్టరు. మడమ వెనక ఉండే అకిలిస్ స్నాయువు తెగలేదు, అదృష్టం. ఈ ఆటలో అది తెగడం వింత కాదు.

బూటు పరీక్షగా చూశాక ఇంకొన్ని తేలాయి. గుడ్డ మడత దగ్గర కుట్టు ఒకే వరస. బకిల్ పక్కకి పొడుచుకుని ఉంది, పడవ లాగే తాడు వదులైనప్పుడు ఈ బకిల్‌కి తగులుకునే ప్రమాదం ఉంది. ప్లేటుతో ఇచ్చిన స్క్రూలు పొట్టివి, స్కీలో ఉన్న మరలకి పై రెండు చుట్లే పట్టాయి. ఇది ఏ బూటు కొన్నా చూసుకోండి, పొట్టి స్క్రూ లాగుడికి మరని చెడగొట్టి ఊడొస్తుంది, అప్పుడు బూటే కాదు స్కీ కూడా పాడవుతుంది.

వాపసు కథ వినండి. అమ్మినవాళ్ళకి ఫొటోలతో సహా రాశాం. "నీటిలో వాడిన వస్తువు వాపసు తీసుకోబడదు" అని జవాబు. వాటర్ స్కీ బూటు! నీళ్ళలో వాడకుండా మరి ఇంకెక్కడ వాడతారో వాళ్ళే చెప్పాలి. మళ్ళీ రాస్తే వచ్చేసారి కొనుక్కోవడానికి కూపన్ పంపారు.

తొడుక్కోవడం సులువుగా ఉండాలనుకోవడం తప్పేమీ కాదు. నడుము నొప్పులున్నవాళ్ళు, వయసు పైబడినవాళ్ళు, బొటనవేలు కీలు పెరిగినవాళ్ళు ఎంతమంది లేరు? మంచి డిజైన్లు ఉన్నాయి, వాటిలో సులువు వేరే చోటి నుంచి వస్తుంది. ముందువైపు లేసులుండి, నాలుక పొడవుగా ఉండి, కింది లేసూ పై లేసూ విడివిడిగా బిగించుకునేవి దొరుకుతున్నాయి. పూర్తిగా విప్పితే నోరు బాగా తెరుచుకుంటుంది, మడమ వైపు మాత్రం అతుకు లేకుండా ఒకే అచ్చుగా ఉంటుంది. పాదాన్ని కింది లేసు పట్టుకుంటుంది, చీలమండని పై లేసు పట్టుకుంటుంది. మడమ వెనక లాగడానికి గట్టి తోక ఉందో లేదో కూడా చూడండి, చిన్న విషయమే అయినా చలి నీళ్ళలో ప్రాణం నిలబెడుతుంది. ఇక పోటీల వాళ్ళు వాడే గట్టి పెంకు బూట్లలో లోపలి మెత్తటి బూటు విడిగా వస్తుంది. దాన్ని పొడిగా ఉండగానే తొడుక్కుని పెంకులోకి దిగొచ్చు. పడితే బూటు మొత్తం స్కీ నుంచి ఊడొచ్చే యంత్రాంగం ఉంటుంది. కాకపోతే దాన్ని తెలిసినవాళ్ళ చేత సరిచేయించుకోవాలి, ఖరీదూ ఎక్కువే.

బూటు మార్చే ఉద్దేశం లేకపోతే, నీళ్ళలో కాకుండా డాక్ మీదో పడవ మెట్టు మీదో కూర్చుని తొడుక్కోండి. కాలూ బూటూ రెండూ బాగా తడపండి. నీటి ఆధారంగా చేసిన జారుడు ద్రవం బైండింగ్‌ల (కాలిని స్కీకి పట్టి ఉంచే బూట్లు, పట్టీల) కోసమే అమ్ముతారు, అది వాడండి. వాసెలిన్, వంట నూనె మాత్రం వద్దు, రబ్బరు ఉబ్బి మెత్తబడి చిరిగిపోతుంది. పల్చటి లైక్రా మేజోడు వేసుకున్నా కాలు బాగా జారుతుంది.

వెనక కాలికి బూటు లేకుండా వేళ్ళ పట్టీ ఒక్కటే పెట్టుకోవడం ఇంకో దారి. తొడుక్కునే బాధ సగం తగ్గుతుంది, మా బావమరిదికి ఇప్పుడు అదే పెట్టించాం. రెండు కాళ్ళకీ బూట్లుంటే మాత్రం రెండూ ఒకేలాంటివి ఉండాలి. ఒకటి వదిలి ఇంకోటి పట్టుకుంటే మిగిలిన కాలి పని అయిపోయినట్టే.

పిల్లలకి రెండు స్కీల మీద నేర్పేటప్పుడు లెక్క వేరు. అక్కడ పడవ వేగం 15, 20 మైళ్ళు మించదు, వదులుగా జరుపుకునే రబ్బరు బైండింగే మంచిది, పడితే ఊడిపోవాలి. ఈ హెచ్చరిక వాటి గురించి కాదు. కానీ పిల్లల స్కీలకి కూడా ఈ వెనక ముక్క బకిల్‌తో వస్తే మాత్రం వద్దు.

కొట్లో ఏ బూటయినా చూస్తుంటే ఇలా చెయ్యండి. కుర్చీలో కూర్చుని కాలు పెట్టి బిగించి, పక్కనున్నవాళ్ళని ప్లేటు నేల మీద నొక్కి పట్టుకోమనండి. లేచి మోకాలు ముందుకి వంచి, మడమ ఎత్తడానికి ప్రయత్నించండి. మడమ కొద్దిగా మాత్రమే కదలాలి. తర్వాత ముందుకి ఒరుగుతూ నెమ్మదిగా కాలు బయటికి లాగండి. పాదమంతా ఒక్కసారిగా రావాలి. ఎక్కడైనా ఒక పట్టీ దగ్గర ఇరుక్కుంటే ఆ బూటు అక్కడే వదిలేయండి. సెకండ్ హ్యాండ్‌లో కొనేవాళ్ళు మడమ రబ్బరుని వేళ్ళతో సాగదీసి చూడండి. ఎండకి పాతబడితే సన్నటి బీటలు కనిపిస్తాయి. అమ్మేవాళ్ళు మడమ వెనక ఫొటో పంపకపోతే అడగండి, అయినా పంపకపోతే కొనడం మానుకోండి.

ఇప్పటికే కొనేసినవాళ్ళు క్రెడిట్ కార్డు కంపెనీకి రాతపూర్వకంగా డిస్ప్యూట్ వెయ్యండి. చార్జీ కనిపించిన స్టేట్‌మెంట్ పంపిన 60 రోజుల లోపు అందాలి, ఆలస్యం చెయ్యకండి. మేము వేశాం, ఇంకా తేలలేదు. దెబ్బ తగిలినవాళ్ళు సేఫర్‌ప్రొడక్ట్స్ డాట్ గవ్‌లో ఫిర్యాదు కూడా పెట్టండి, అది వినియోగ వస్తువుల భద్రత చూసే ఫెడరల్ కమిషన్‌ది. పెట్టెతో పాటు వచ్చిన కాగితాలు, కుట్టు దగ్గర ఫొటో, డాక్టరు బిల్లు పారేయకుండా దాచుకోండి. మా బూటు గ్యారేజీలోనే ఉంది, ఎవరైనా చూడాలనుకుంటే కింద కామెంట్లో రాయండి, చూపిస్తాను. అమ్మను.