జాగ్రత్త: పనితీరు డ్యాష్‌బోర్డు కొంటున్నారా? గడియారం ఎక్కడ ఆగుతుందో ముందు చూడండి

మున్సిపాలిటీకో కలెక్టరేట్‌కో సేవల పనితీరు చూపించే సాఫ్ట్‌వేర్ కొనబోతున్నవాళ్లు బిడ్ పిలిచే ముందే ఇది చదవండి. డెమోలో అమ్మేవాళ్లు చూపించే తెర దాదాపు ఒకేలా ఉంటుంది: పచ్చరంగులో 98 శాతం, దాని కింద ‘గడువులోగా పరిష్కారం’. ఆ అంకె అబద్ధం కాకపోవచ్చు. అది ఎలా వచ్చిందో అడగకపోతేనే చిక్కు.

కుళాయి కనెక్షన్ దరఖాస్తే తీసుకోండి. గడువు 15 రోజులు అనుకుందాం. 14వ రోజున సిబ్బంది ‘షార్ట్‌ఫాల్’ (కాగితాలు తక్కువ) అని కొట్టి ఫైలు వెనక్కి పంపేస్తారు. సిస్టమ్ దాన్ని డిస్పోజల్ కింద, అంటే తేలిపోయిన ఫైలుగా, రాసుకుంటుంది. దరఖాస్తుదారు కాగితం తెచ్చి 20వ రోజున మళ్లీ పెడితే కొత్త నంబరు, కొత్త గడియారం. 26వ రోజున మంజూరు. మనిషి ఎదురుచూసింది 26 రోజులు. తెర మీద మాత్రం రెండు ఫైళ్లు, రెండూ గడువులోగానే, సగటు 10 రోజులు! అందుకే స్పెసిఫికేషన్‌లో ఈ మాట రాయించండి: వెనక్కి పంపితే గడియారం ‘పాజ్’ అవ్వాలే గానీ ఫైలు మూతపడకూడదు, తిరిగి వస్తే పాత నంబరే కొనసాగాలి, పాజ్ రోజులు కలిపి, కలపకుండా రెండు లెక్కలూ కనిపించాలి. పాత నంబరు లేకుండా వచ్చిన దరఖాస్తును ఇంటి అసెస్‌మెంట్ (ఆస్తిపన్ను) నంబరుతో జోడించాలి.

సగటు ఒక్కటే చూపించే రిపోర్టును ఒప్పుకోకండి. తొమ్మిది ఫైళ్లు రెండేసి రోజుల్లో తేలి, పదోది 92 రోజులు పడి ఉంటే సగటు 11. పదకొండు రోజులు ఆగినవాళ్లు ఒక్కరూ లేరు. మధ్యగతం (సగం ఫైళ్లు ఎన్ని రోజుల్లోపు తేలాయి), 90వ శాతస్థానం (నూటికి 90 ఫైళ్లు ఎన్ని రోజుల్లోపు తేలాయి), ఇంకా తేలని ఫైళ్ల వయసు, ఈ మూడూ కావాలి. మూడోది చాలామంది ఇవ్వరు. సగటును తేలిన ఫైళ్ల మీదే కడతారు కాబట్టి మురిగిపోతున్నవి అందులోకి రానే రావు.

ఇది మన దగ్గరి జబ్బే కాదు. ఇంగ్లండ్ ఆస్పత్రుల అత్యవసర విభాగాల్లో నాలుగు గంటల లక్ష్యం పెట్టాక, ఆ గడువు నిండబోయే చివరి నిమిషాల్లో రోగులను ఒక్కసారిగా వార్డులకు పంపడం గణాంకాల్లో తేలింది. మీ డేటాలోనూ 14వ రోజున గోడలా లేచిన గీత కనిపిస్తే అర్థం చేసుకోండి.

ఐవీఆర్‌ఎస్ (రికార్డు చేసిన గొంతుతో వచ్చే ఫోన్ సర్వే) సంతృప్తి శాతం ఇంకో మాయ. వెయ్యి మందికి ఫోన్ చేస్తే 120 మంది జవాబిచ్చి, అందులో 96 మంది సంతృప్తికి గుర్తుగా ‘ఒకటి’ నొక్కితే 80 శాతం అంటారు. ఎంతమందికి చేశారు, ఎంతమంది జవాబిచ్చారు అన్నవి శాతం పక్కనే ఉండాలి. తిరస్కరించిన దరఖాస్తులకూ ఫోన్లు వెళ్తున్నాయో లేదో చూడండి. సాధారణంగా వెళ్లవు.

గడువులు మారుతుంటాయి. కేంద్రం తన ప్రజా ఫిర్యాదుల పోర్టల్ సీపీగ్రామ్స్‌లో ఫిర్యాదు పరిష్కార గడువును 2024 ఆగస్టులో 30 రోజుల నుంచి 21కి తగ్గించింది. గడువు కోడ్‌లోనే పాతుకుపోయి ఉంటే అలాంటి ప్రతి మార్పుకీ ‘చేంజ్ రిక్వెస్ట్’ పేరిట బిల్లు వస్తుంది. అడ్మిన్ తెర మీద మీ మనిషే మార్చుకోగలగాలి, ఎవరు ఎప్పుడు మార్చారో లాగ్‌లో పడాలి. ఆ లాగ్‌ను చెరిపే అధికారం ఎవరికీ ఉండకూడదు, వెండర్‌కు అసలే వద్దు.

యూఏటీలో, అంటే సాఫ్ట్‌వేర్‌ను ఒప్పుకునే ముందు మీరు చేసే పరీక్షలో, నమూనాను సాఫ్ట్‌వేర్ నుంచి తీయకండి. అందులో ఎక్కనివి అందులో ఎలా దొరుకుతాయి? ఫీజు రసీదు పుస్తకం నుంచి యాదృచ్ఛికంగా 50 రసీదులు తీసి, రసీదు తేదీ, డిస్పాచ్ రిజిస్టర్ తేదీ, తెర మీది తేదీ పక్కపక్కన రాయండి. రసీదు ఉండి తెర మీద లేని దరఖాస్తులు, సోమవారం కట్టి గురువారం ఎంట్రీ అయినవి అక్కడే బయటపడతాయి.

చెల్లింపును ‘ఇన్‌స్టలేషన్ పూర్తి’కి ముడిపెట్టకండి. ఈ 50 రసీదుల పరీక్ష నెగ్గేదాకా పెద్ద వాయిదా ఆపండి. తేదీ, సమయంతో సహా ముడి డేటా మొత్తం సీఎస్‌వీలో (ఎక్సెల్‌లో తెరుచుకునే సాదా ఫైలు) ఎప్పుడంటే అప్పుడు, అదనపు రుసుము లేకుండా దించుకునే హక్కు ఒప్పందంలోనే ఉండాలి. లేకపోతే రెన్యువల్ నాటికి మీ దరఖాస్తుల చరిత్ర వాళ్ల సర్వర్‌లో ఉంటుంది, ధర వాళ్లు చెప్పిందే అవుతుంది.