మైపాడు ఇసుకలో ఏ స్టాండ్ నిలబడుతుంది?

మా నెల్లూరులో కొత్తగా కెమెరా కొన్న కుర్రవాళ్లు నన్ను అడిగే మొదటి మాట: "అన్నా, మూడు కాళ్ల స్టాండ్ (ట్రైపాడ్) అల్యూమినియంది తీసుకోనా, కార్బన్ ఫైబర్‌ది తీసుకోనా?" నేను ఎదురు అడుగుతాను: "ఎక్కువసార్లు ఎక్కడ నిలబెడతావు?" మైపాడు బీచ్ అంటే ఒక జవాబు, ఉదయగిరి కోట అంటే ఇంకో జవాబు.

మైపాడు సంగతే ముందు చెప్తాను, మనవాళ్లంతా మొదట పోయేది అక్కడికే. ఇంకా తెల్లవారకముందు 30 సెకన్ల ఎక్స్‌పోజర్ పెడితే, అంటే అంతసేపు కెమెరాలోకి వెలుతురు పోనిస్తే, అలలు పొగమంచులా వస్తాయి. కానీ అల వెనక్కి పోయేటప్పుడు మన మడమల కింద ఇసుకను లాక్కుపోతుంది కదా, స్టాండ్ కాళ్ల కింద కూడా అదే జరుగుతుంది. వేలెడు దిగినా చాలు, సముద్రం గీత ఒక పక్కకు ఒరిగిపోతుంది. అందుకే కెమెరా తగిలించకముందే మూడు కాళ్లనూ గట్టిగా ఇసుకలోకి నొక్కి, రెండు మూడు అలలు పోనిచ్చి, అప్పుడు ఫ్రేమ్ చూసుకోవాలి. ఇలాంటి చోట బరువు మనకు మేలే చేస్తుంది.

బరువులో తేడా ఎంతో ఒక లెక్క చూడండి. మాన్‌ఫ్రోట్టో కంపెనీ 055 రకంలో మూడు సెక్షన్ల (ఒక్కో కాలికి ఒకదాంట్లో ఒకటి దూరే మూడు గొట్టాల) అల్యూమినియం స్టాండ్ 2.5 కిలోలు, అదే కార్బన్‌లో 2 కిలోలు. ఎత్తు రెండింటికీ 170 సెంటీమీటర్లే, మోసే బరువు రెండింటికీ 9 కిలోలే. ఆ అర కిలో కోసం పెట్టే డబ్బు మాత్రం చాలా ఎక్కువ. బండి మీద మైపాడు పోయి వచ్చేవాడికి ఆ అర కిలో లెక్కలోకి రాదు. ఉదయగిరి కొండ ఎక్కేవాడికి సగం దారిలోనే భుజం చెప్తుంది. కార్బన్‌కు ఇంకో గుణం ఉంది: గాలికి వణికినా ఆ వణుకు తొందరగా ఆగిపోతుంది. అయితే రాయికి గట్టిగా తగిలితే పగుళ్లిస్తుంది. అల్యూమినియం సొట్టపడినా చాలాసార్లు పని నడిపిస్తుంది.

కాళ్ల గొట్టాలను లాగి బిగించే లాకుల దగ్గర నా అభిప్రాయం గట్టిది. తిప్పి బిగించే లాకుల స్టాండును ఒకసారి మైపాడు నుంచి తెచ్చి, కడగకుండా అలాగే సంచిలో పెట్టేశాను. వారం తర్వాత తిప్పితే లోపల కరకర. మరలకు పూసిన గ్రీజులో సన్న ఇసుక ఇరుక్కుని, గరుకు కాగితం రుద్దినట్టు రుద్దుతోంది. పేపరు పరిచి ముక్కలన్నీ వరసగా పెట్టుకుని, పాత టూత్‌బ్రష్‌తో ఒక్కో మర తోముకునేసరికి ఆదివారం పొద్దంతా పోయింది. మీట నొక్కి తీసే లాకులు అయితే తెరిచి మగ్గుతో నీళ్లు పోస్తే చాలావరకు ఇసుక పోతుంది. వాడగా వాడగా వదులవుతాయి, ఆలెన్ కీతో బిగించుకుంటే సరిపోతుంది. సముద్రం పక్కన పనిచేసేవాళ్లకు నేను మీట లాకులే చెప్తాను.

ఏ లాకైనా సరే, నీళ్లలో పెట్టేటప్పుడు ముందు అడుగున ఉన్న సన్న గొట్టాన్నే బయటికి లాగండి, లాకు తడికి పైన ఉంటుంది. పొడి నేల మీద మాత్రం లావు గొట్టాలు ముందు. నడిమి స్తంభం పైకి లేపడం ఇక తప్పదన్నప్పుడే.

కాళ్ల మీద మిగిల్చిన డబ్బు హెడ్ మీద, అంటే స్టాండ్ పైన కెమెరాను పట్టుకుని తిప్పే భాగం మీద పెట్టండి. అన్ని పనులకూ ఒకటే హెడ్ సరిపోతుందనుకోవడం దగ్గరే ఎక్కువమంది దెబ్బతింటారు. బాల్ హెడ్ ఒక్క మరతో ఎటైనా తిరుగుతుంది, సూర్యోదయం తొందరలో అదే హాయి. కానీ చవక బాల్ హెడ్‌కు బరువైన జూమ్ లెన్స్ తగిలిస్తే, బిగించి చెయ్యి తీయగానే ఫ్రేమ్ కాస్త కిందికి జారుతుంది. మళ్లీ బిగించు, మళ్లీ జారు. పెన్న ఇసుకలో నిలబడి రంగనాథస్వామి గాలిగోపురం తీసేటప్పుడు నాకు మూడు పిడుల పాన్ హెడ్డే ఇష్టం: ఒక పిడి వదులు చేసినా మిగతా రెండు దిక్కులూ కదలవు, గోపురం నిటారుగా వస్తుంది. వంతెన మీద మాత్రం పెట్టకండి, లారీ పోయిన ప్రతిసారీ నేలే వణుకుతుంది, ఏ హెడ్డూ దాన్ని ఆపలేదు.

నేలపట్టు పక్షుల కేంద్రంలో గూడబాతులు దిగేటప్పుడు తీయాలంటే కథ వేరు. గింబల్ హెడ్ మీద పొడవు లెన్స్‌ను సరిగ్గా తూకం కుదిర్చి పెడితే వేలితో తోసినా తిరుగుతుంది, వదిలితే అక్కడే నిలుస్తుంది. పక్షుల పిచ్చి లేనివాళ్లకు అది అనవసరం.

పెట్టె మీద రాసిన కిలోలను పూర్తిగా నమ్మకండి. ఆ కొలతకు కంపెనీలన్నీ ఒప్పుకున్న పద్ధతి ఒకటి లేదు. మీ కెమెరా, లెన్స్ కలిపి రెండు కిలోలైతే ఐదారు కిలోలు మోస్తుందన్నదే తీసుకోండి. కెమెరా అడుగున బిగించి హెడ్‌కు తగిలించే ప్లేటు ఆర్కా స్విస్ అనే రకమైతే మంచిది, రేపు హెడ్ మార్చినా చాలావరకు అదే ప్లేటు పనికొస్తుంది.

ఒక్క స్టాండే కొనగలిగితే నా మాట ఇది: మూడు సెక్షన్ల అల్యూమినియం, మీట లాకులు, దాని మీద మంచి బాల్ హెడ్. కొండలెక్కే అలవాటుంటేనే కార్బన్. ఏది కొన్నా మైపాడు నుంచి రాగానే కాళ్లు పూర్తిగా చాపి, మంచినీళ్లతో కడిగి, రాత్రంతా ఆరనిచ్చి, పొద్దున మడవండి. కార్బన్ గొట్టానికి తుప్పు పట్టకపోయినా దాని కీళ్లు లోహమే, ఉప్పు వాటిని వదలదు.