సేవావారంలో ఒక్క సెలవు రోజు: సాలార్‌జంగ్ మ్యూజియం

ఎక్కడి నుంచో వారం రోజుల సేవకు హైదరాబాద్ వచ్చే కుర్ర మిషనరీలకు ఊరు చూడ్డానికి మహా అయితే ఒక రోజు దొరుకుతుంది. ఆ రోజుకు మా మొదటి ఓటు సాలార్‌జంగ్‌కే. ఆదివారం ఆరాధన, శుక్రవారం మ్యూజియం సెలవు. కాబట్టి సోమవారం పెట్టుకోండి. జేబీఎస్ (జూబ్లీ బస్ స్టేషన్) నుంచి గ్రీన్‌లైన్ మెట్రో ఎక్కి ఎంజీబీఎస్‌లో (మహాత్మాగాంధీ బస్ స్టేషన్) దిగి ఆటో ఎక్కితే చాలు. విదేశీయులకు టికెట్ ధర వేరు.

పదింటికి తలుపులు తీయగానే వెళ్లి ముందు రెబెకా శిల్పాన్ని చూడండి. ఇటలీ శిల్పి బెంజోనీ 1876లో చెక్కింది. బైబిల్లోని ఆదికాండం 24లో ఇస్సాకును చూడగానే ముసుగు వేసుకున్న రిబ్కాయే ఈమె. పాలరాతి ముసుగులోంచి ముఖం కనబడుతుంది! వాక్యం తెలిసినవాళ్లు ఇక్కడ తొందరపడకూడదు. పక్కకు జరిగి చూస్తే ముసుగు మడతలు ఇంకా బాగా తెలుస్తాయి.

చాలామంది గ్యాలరీల్లో తిరుగుతూ సంగీత గడియారాన్ని చూసే అవకాశం పోగొట్టుకుంటారు. బొమ్మ బయటికొచ్చి ఎన్ని గంటలైతే అన్నిసార్లు కొడుతుంది, అందుకే పన్నెండింటికి జనం ఎక్కువ. పదకొండున్నరకే వెళ్లి కూర్చోండి, లేకపోతే ముందువాళ్ల తలలే కనిపిస్తాయి.

గోథే ‘ఫౌస్ట్’ నాటకంలోని దయ్యం మెఫిస్టోఫిలిస్ చెక్కబొమ్మ వెనక అద్దంలో చూడడం మరవద్దు, అదే దుంగలో అటువైపు తలవంచిన ఆ నాటక నాయిక మార్గరెట్టా ఉంది. పెద్ద బ్యాగు మాత్రం బసలోనే వదిలేయండి. ఓపికుంటే సాయంత్రం చార్మినార్, అక్కడికి దగ్గరే.