తీగ లాగే రైలు, కదిలిన డొంక

రైలు లైన్ల మీద కరెంటు తీగ లాగే మిషనుకి నా రేటింగు ముందే చెప్పేస్తాను: ఐదుకి నాలుగు. ఆ ఒక్కటీ ఎందుకు తగ్గించానో చెప్పడానికే ఇంత రాయాల్సొచ్చింది.

నాది పర్లాకిమిడి. రైలు లైన్లకి కరెంటు తీగలు కట్టే పనిలో చాలా ఏళ్లుగా ఉన్నాను. మొదట్లో నిచ్చెన ఎక్కే కుర్రాణ్ణి, ఇప్పుడు సూపర్‌వైజర్ని. కంపెనీ పేరు అడగొద్దు, ఇంకా వాళ్ల జీతమే తింటున్నాను. కోరాపుట్–రాయగడ లైనులో పనిచేసినప్పుడు సెల్ఫ్ ప్రొపెల్డ్ వైరింగ్ ట్రైన్ వాడే అవకాశం వచ్చింది. పలకడానికి కష్టం కాబట్టి మా గ్యాంగు దానికి ‘మిషను రైలు’ అని పేరు పెట్టింది. ఇంజను అక్కర్లేకుండా తనంతట తానే నడుస్తుంది, తీగా లాగుతుంది.

ఇది లేకుండా పని ఎలా జరుగుతుందో తెలిస్తేనే దీని విలువ అర్థమవుతుంది. మా ఊరి లైను సంగతే తీసుకోండి. నౌపడా నుంచి గుణుపూర్ దాకా 90 కిలోమీటర్లు. 1900లో రాజావారు పర్లాకిమిడి దాకా వేయించిన బుల్లిరైలు లైనే ఇది. రెండున్నర అడుగుల గేజి. 2004లో ఆపేసి, 2011కల్లా గుణుపూర్ దాకా పెద్ద లైను చేశారు. దాని మీద నేను కట్టిన తీగంతా చేతిపనే. డ్రమ్ములు ఎక్కించిన వ్యాగన్లని డీజిల్ ఇంజను మెల్లగా లాగుతుంటే ముందు పై తీగ, అంటే క్యాటినరీ, విప్పుకుంటూ పోవాలి. ప్రతి స్తంభం దగ్గరా దాన్ని కప్పీ మీద వెయ్యాలి, చివర కట్టి బిగించాలి. మరోరోజు లైన్ బ్లాక్ (బళ్లు ఆపి లైను మా చేతికిచ్చే సమయం) తీసుకుని కింది తీగ, కాంటాక్ట్ వైరు, తెచ్చి పైదానికి కొక్కేలతో వేలాడదియ్యాలి. ఇంకోరోజు డ్రాపర్లు, అంటే పై తీగ నుంచి కింది తీగని పట్టి ఉంచే పొట్టి తీగలు. ఆ తర్వాత సర్దుడు, మళ్లీ సర్దుడు. ఇదంతా నిచ్చెన ట్రాలీ మీద: నలుగురు కింద తోస్తారు, ఇద్దరు పైన ఊగుతుంటారు. ఎండాకాలంలో ఇనుప మెట్టు చేతికి అంటుకుంటుంది.

మిషను రైలు టికిరి స్టేషన్ సైడింగులోకి వచ్చిన రోజు చూడ్డానికి మా వంటమనిషి కూడా గరిటె పట్టుకునే వచ్చాడు. దాని మీద రెండు డ్రమ్ములు పక్కపక్కనే ఉంటాయి, ఒకదాంట్లో క్యాటినరీ, ఇంకోదాంట్లో కాంటాక్ట్ వైరు. హైడ్రాలిక్ బ్రేకు డ్రమ్ముని వెనక్కి పట్టి ఉంచుతుంది కాబట్టి తీగ వదులుగా రాదు, మొదట్నుంచీ అసలు బిగువుతోనే వస్తుంది. ఒక్కో తీగకి 1000 కిలోల లాగుడు. పైకి లేచిన చెయ్యి రోలర్ల మీద రెండు తీగల్నీ కావలసిన ఎత్తులో పట్టుకుంటే, వెనక ప్లాట్‌ఫాం మీద నిలబడ్డవాళ్లు క్లిప్పులు బిగిస్తూ పోతారు. నాలుగు రోజుల పని ఒక్క నడకలో అయిపోతుంది. మొదటిసారి కిలోమీటరున్నర తీగ ఒకే బ్లాకులో ముగిసినప్పుడు, నా పాత జోడీ తీగకేసి చూసి, “అయిపోనాదేటి గురూ?” అని రెండుసార్లు అడిగాడు.

నాకు బాగా నచ్చింది తీగ నాణ్యత. కాంటాక్ట్ వైరు గుండ్రంగా ఉంటుందనుకుంటారు గానీ, పైభాగంలో రెండు పక్కలా గాడి ఉంటుంది. డ్రాపర్ క్లిప్పు ఆ గాడిని కరిచి పట్టుకుని, అడుగుభాగాన్ని నున్నగా వదిలేస్తుంది. ఇంజను నెత్తిన కరెంటు అందుకునే పాంటోగ్రాఫ్ ఆ నునుపు మీదే రాసుకుంటూ పోవాలి. చేత్తో లాగేటప్పుడు తీగ ఎక్కడో ఒకచోట నేలకి తగులుతుంది, మెలిపడుతుంది, చిన్న వంకర మిగులుతుంది. కింద నిలబడి చూస్తే కనపడదు. నిచ్చెనెక్కి బొటనవేలు అడుగున పెట్టి జరిపితే తెలుస్తుంది. ఆ వంకర దగ్గరే తర్వాత మెరుపులొస్తాయి. చెక్కసుత్తితో దాన్ని కొట్టి కొట్టి సరిచెయ్యడంలోనే నా సగం యవ్వనం గడిచింది. మిషను రైలు లాగిన తీగ మీద వేలు జరిపితే నాకు దొరికినవి చాలా తక్కువ. నాలుగు మార్కుల్లో రెండు దీనికే.

ఇంకో మార్కు రెయిలింగుకి. ప్లాట్‌ఫాం చుట్టూ కమ్మీలుంటాయి, నడుముకి బెల్టు తగిలించుకోడానికి చోటుంది. గుణుపూర్ వైపు నుంచి వచ్చిన సవర కుర్రాళ్లు నిచ్చెన మీద కోతుల్లా తిరిగేవాళ్లు గానీ, వాళ్ల అమ్మలు ఒప్పుకునేది ఈ రైలుకే. నీడ మాత్రం లేదు. ఆపరేటరుకి క్యాబిన్, మాకు ఆకాశం. బటన్ల మీద రాతలన్నీ ఇంగ్లీషే. పైన మా కేకలు ఒరియా, తెలుగు, సవర మూడూ కలిసినవి. సవర భాషకి నిఘంటువు కట్టిన గిడుగు రామమూర్తి గారు మా ఊరి బళ్లోనే పాఠాలు చెప్పారు. ఆయన ఊరివాణ్ణై ఉండీ నాకు సవరలో ‘ఆపు’ అనడం కూడా రాదు. చెయ్యి ఊపేవాణ్ణి.

ఇక డొంక సంగతి. మన లైన్లలో రెండు స్తంభాల మధ్య దూరం (మేం గాలా అంటాం) నాలుగున్నర మీటర్ల లెక్కన పెరుగుతూ పోతుంది. 54, 58.5, 63, అలా 72 మీటర్ల దాకా. దూరం పెరిగితే పై తీగ నడుమ ఎక్కువ జారుతుంది కాబట్టి, ఏ దూరానికి ఆ కొలత డ్రాపర్లు ముందే కోసి, చీటీలు కట్టి, సంచుల్లో పెడతారు. లక్ష్మీపూర్ రోడ్ వైపు ఒకచోట గొయ్యి తవ్వుతుంటే బండ తగిలింది. ఫౌండేషన్ గ్యాంగు స్తంభాన్ని నాలుగున్నర మీటర్లు పక్కకి జరిపి పాతేసింది. తప్పేం లేదు, ఘాట్ లైనులో జరిగేదే. కానీ ఆ మాట ఎవరి జేబు నోటుబుక్కులోనో ఉండిపోయింది, డ్రాయింగులోకి ఎక్కలేదు. కాగితం మీద ఆ స్తంభానికి అటూ ఇటూ 63, 63. నేల మీద 58.5, 67.5.

మిషను రైలుకి ఇవేం తెలుసు? సంచిలోవి సంచిలోవే బిగించుకుంటూ దాటేశాం. వెనక్కి తిరిగి చూస్తే పొట్టి గాలాలో తీగ నడుమ పైకి లేచి ఉంది, పొడుగు గాలాలో కిందికి పొట్ట వేసింది. నిచ్చెన మీదైతే పైనున్న కుర్రాడు రెండో డ్రాపరు దగ్గరే టేపు తీసేవాడు. ఇక్కడ ఆగి ఆలోచించే సందు లేదు. తీగ లాగితే డొంకంతా కదిలింది అంటారే, అచ్చం అదే. ముందువాళ్లు చేసిన ప్రతి పొరపాటూ ఈ రైలు వెనక తీగ మీద రాసినట్టు కనబడుతుంది. సరిచెయ్యడానికి మాకు ఇంకో రెండు బ్లాకులు పట్టింది.

అసలు ఏడుపు బ్లాకులతోనే. అప్పటికది సింగిల్ లైను, పైగా గూడ్సు బళ్ల ఒత్తిడి. దామన్‌జోడి అల్యూమినా విశాఖ పోర్టుకి పోవాలి కదా. మూడు గంటలు అడిగితే ఒకరోజు గంటా నలభై నిమిషాలు ఇచ్చారు. సైడింగు నుంచి చోటికి చేరడానికి ఇరవై అయిదు, చెయ్యి లేపి సరిచూసుకోడానికి పదిహేను, దింపి సర్దడానికి పదిహేను, వెనక్కి రావడానికి ఇరవై అయిదు. మిగిలింది ఇరవై నిమిషాలు. ఆ ఇరవై నిమిషాల్లో తీగ మొదలుపెట్టాలా వద్దా అని ముగ్గురం వాదించుకుంటుంటే పన్నెండు నిమిషాలు అయిపోయాయి. అన్నీ ఉన్నా అల్లుడి నోట్లో శని. నిచ్చెన ట్రాలీ అయితే నలుగురు ఎత్తి పట్టాల పక్కన పెట్టేసి టీ తాగొచ్చు. ఇది పక్కకి తప్పుకునేది కాదు. నేను కోసేసిన మార్కు ఇదే, నిజానికి అది మిషనుకి కాదు, దాన్ని తెచ్చి బ్లాకు ఇప్పించలేని వాళ్లకి.

మనవాళ్లే ఇలా అని తిట్టుకుంటుంటే మా జూనియర్ ఇంజనీరు ఫోన్లో బ్రిటన్ రైలొకటి చూపించాడు. గ్రేట్ వెస్టర్న్ లైను కోసం జర్మనీ విండ్‌హాఫ్ కంపెనీ చేసిచ్చింది. 23 బళ్లు, అంటే నడిచే ఫ్యాక్టరీ. నేలలోకి ఇనుప గొట్టాలు దింపేది, కాంక్రీటు పోసేది, స్తంభాలు నిలబెట్టేది, తీగ లాగేది అన్నీ అందులోనే. స్విండన్‌లో దానికి సొంత డిపో. చూసి నోరెళ్లబెట్టాను. తర్వాత లెక్క చదివాడు: ఆ లైను విద్యుదీకరణకి 2013లో 87.4 కోట్ల పౌండ్లు అనుకున్నది, 2015కి 280 కోట్లయింది. డిజైన్లు పూర్తికాకుండానే పని మొదలు, భూమిలో ఏ కేబుల్ ఎక్కడుందో సరిగా తెలియదు. మాకు బండ తగిలింది, వాళ్లకి కేబుల్ తగిలింది. మన దేశంలో ఒక్క 2022–23లోనే 6,565 రూట్ కిలోమీటర్లకి తీగ పడింది. అందులో నిచ్చెన ట్రాలీ మీద కారిన చెమట ఎంతో మాలాంటివాళ్లకి తెలుసు.

కాంట్రాక్టర్లెవరైనా ఇది చదువుతుంటే ఒక మాట. స్టేషన్ల మధ్య పొడుగాటి లైను, స్తంభాలన్నీ నిలబడి, ఒక మనిషి టేపు పట్టుకుని ప్రతి గాలా నడిచి కొలిచాక, రెండున్నర గంటలకి తగ్గని బ్లాకు రాతపూర్వకంగా చేతికొచ్చాక తెప్పించుకోండి. అద్దె రోజుకింత అని పోతుంది, తీగ లాగినా లాగకపోయినా. సొరంగాల్లో పని పద్ధతి వేరు, దాని జోలికి పోను.

యార్డుల్లో మాత్రం తెప్పించకండి. ఒక లైను నుంచి ఇంకో లైనుకి మారే క్రాసోవర్లు, అడ్డం పొడుగు తీగలు, ఒకదాని కింద ఒకటి. అక్కడ ఆ చెయ్యి తిరగదు. మా స్టోర్‌లో పాత నిచ్చెన ట్రాలీ ఉంది, ఎడమపక్క ముందు చక్రం అరిగిపోతే మొన్న పర్లాకిమిడిలోనే వెల్డింగు పెట్టించాను. వచ్చే వారం యార్డు పని. నలుగురు తొయ్యడానికి దొరికారు, పైకెక్కడానికి ఇంకో మనిషి కావాలి.